స్కూబా డైవింగ్: అనుమతించిన లోతు దాటితే ఏమవుతుంది?

అండమాన్‌లోని స్వరాజ్ ద్వీప్, లక్షద్వీప్, కర్ణాటకలోని నేత్రాణి, విశాఖలోని రుషికొండ తీరాల్లో స్కూబా డైవింగ్ నేడు సామాన్య పర్యాటకులకూ అందుబాటులోకి వచ్చింది. నిబంధనల మేరకు సాగినంతవరకు ఇది ఆహ్లాదకరమైన క్రీడే. అయితే ఎంత లోతుకు వెళ్తే అంత నైపుణ్యమున్నట్లన్న భావన మాత్రం ప్రాణాల మీదికి తెస్తోంది.

అంతర్జాతీయ శిక్షణ సంస్థ ‘పాడి’ ప్రమాణాల ప్రకారం, శిక్షకుడి వెంట తొలిసారి నీటిలోకి దిగే పర్యాటకుల పరిమితి 12 మీటర్లు. ప్రాథమిక ధ్రువపత్రం ఉన్నవారికి 18, తర్వాతి స్థాయివారికి 30, లోతు డైవింగ్‌లో ప్రత్యేక శిక్షణ పొందినవారికి 40 మీటర్లు. వినోద డైవింగ్‌కు అదే తుది హద్దు. మన పొరుగున ఉన్న మాల్దీవులు నిబంధనల ద్వారానే 30 మీటర్ల పరిమితి విధించాయి.

ఈ అంకెలకు ఆధారం మానవ దేహ ధర్మమే. సముద్రంలో ప్రతి 10 మీటర్లకు ఒక వాతావరణ పీడనం చొప్పున ఒత్తిడి పెరుగుతుంది. 40 మీటర్ల వద్ద అది ఉపరితలం కంటే 5 రెట్లు. సిలిండర్‌లోని గాలి కూడా అంతే వేగంగా ఖర్చవుతుంది. 2,400 లీటర్ల గాలి పట్టే సిలిండర్‌తో, నిమిషానికి 20 లీటర్లు పీల్చే వ్యక్తి ఒడ్డున 2 గంటలు గడపగలడు. 40 మీటర్ల లోతున అదే గాలి 24 నిమిషాలకే నిండుకుంటుంది.

అంతకంటే పెద్ద ముప్పు మెదడుకు. సుమారు 30 మీటర్లు దాటాక అధిక పీడనంలోని నత్రజని మద్యంలా మత్తు కలిగిస్తుంది. డైవర్‌కు అకారణమైన ధీమా కలుగుతుంది. గాలి ఎంత మిగిలిందో చూసుకోవాలన్న స్పృహ సన్నగిల్లుతుంది. వెనుదిరగాలని నిర్ణయించుకోవలసిన క్షణంలోనే ఆ నిర్ణయశక్తి లోపిస్తుంది. సాధారణ గాలితో 56 మీటర్లు దాటితే ఆక్సిజన్ సైతం విషతుల్యమయ్యే ప్రమాదముంది. నీటిలో మూర్ఛ వస్తే నోటిలోని శ్వాస పరికరం జారిపోయి మునిగిపోవడమే.

ఈజిప్టులోని దహబ్ వద్ద గల ‘బ్లూ హోల్’ ఇందుకు నిదర్శనం. అక్కడ పగడపు గోడలో సుమారు 55 మీటర్ల లోతున కమాను వంటి మార్గం ఉంది. ఒకే సిలిండర్‌తో దానిని దాటబోయి పలువురు మరణించారు. తీరంలోని కొండరాళ్లపై వారి స్మారక ఫలకాలు నేటికీ కనిపిస్తాయి.

లోతు నుంచి పైకి చేరడమూ సులభం కాదు. పాడి పట్టికల ప్రకారం మధ్యలో ఆగనవసరం లేకుండా పైకి రావాలంటే 18 మీటర్ల వద్ద 56 నిమిషాలు, 40 మీటర్ల వద్ద కేవలం 9 నిమిషాలే గడపాలి. అంతకు మించి ఉండి వేగంగా పైకి వస్తే, మూత తీసిన సోడాలో మాదిరిగా రక్తంలో, కణజాలంలో నత్రజని బుడగలు ఏర్పడతాయి. ఫలితంగా కీళ్ల నొప్పులు మొదలుకొని పక్షవాతం, మరణం వరకు సంభవించవచ్చు. దీనికి చికిత్స అధిక పీడన గదిలోనే సాధ్యం. మారుమూల దీవుల్లో ఆ సదుపాయం ఎన్నో గంటల ప్రయాణ దూరంలో ఉంటుంది. ఒకటికి మించి డైవ్‌లు చేసినవారు కనీసం 18 గంటల వరకు విమానమెక్కరాదన్న సూచన కూడా ఇందుకే.

పర్యాటకులను ఆకర్షించే పోటీలో నిర్వాహకులు, సామాజిక మాధ్యమాల్లో చూపుకొనే తపనలో డైవర్లు ఈ హద్దులను సడలించుకుంటే అపాయం తప్పదు. శిక్షణ పత్రం చూడకుండా లోతుకు తీసుకెళ్తామనే నిర్వాహకుడిని నిరాకరించడమే పర్యాటకుడి తొలి రక్షణ. 40 మీటర్ల ఆవల సాగేది వేరే విద్య. దానికి వేరే వాయు మిశ్రమాలు, అదనపు సిలిండర్లు, ఏళ్ల సాధన అవసరం.