ఉయ్యాల ఊపే అక్కకు బడి ఎక్కడ?

పల్నాడులో ఒక మిరపచేను గట్టున వేపకొమ్మకు పాత చీరతో ఉయ్యాల కట్టారు. అందులో ఏడాది నిండని బిడ్డ. ఊపుతున్న అక్కకు ఎనిమిదేళ్లుంటాయేమో. అరచేతులు బిడ్డకు తగలకుండా మణికట్టుతో ఉయ్యాల తోస్తోంది. పొద్దున అమ్మతో కలిసి కాయ కోసింది మరి, ఆ ఘాటు కడిగినా ఓ పట్టాన వదలదు. ఈ పిల్ల పేరు మాత్రం కోసిగి వైపు ఏదో బడి హాజరుపట్టీలో ఉంది.

కర్నూలు జిల్లా పడమటి మండలాల్లో ఇలా కూలికి వలస వెళ్లడాన్ని సుగ్గికి పోవడం అంటారు. కోసిగి, కౌతాళం, మంత్రాలయం, ఆదోని పల్లెల్లో వానలు మొహం చాటేస్తే దీపావళి దాటాక ఇళ్లకు తాళాలు పడతాయి. పత్తి తీతకు, ఆ వెనుక గుంటూరు వైపు మిరప కోతకు కుటుంబాలు కదులుతాయి. ఉగాదికి తిరిగొస్తాయి. అప్పటికి బడి ఏడాది ముగింపుకొస్తుంది.

ప్రభుత్వం ఏమీ చేయడం లేదనను. అమ్మానాన్నలు వలస వెళ్లినా పిల్లలు ఊళ్లోనే ఉండి చదువుకునేలా సీజనల్ హాస్టళ్లు పెడుతోంది. అవి తెరిచేసరికే పలుచోట్ల కూలీల లారీలు వెళ్లిపోయి ఉంటాయి. సకాలంలో తెరిచినా ఈ అక్క అక్కడ ఉండదని నా నమ్మకం. పాలు తాగే బిడ్డను తల్లి వదిలి వెళ్లలేదు. చేలోకి దిగితే ఆ బిడ్డను ఎవరో ఒకరు పట్టుకోవాలి. హాస్టల్ లెక్కల్లో లేనిది ఆ చంటిబిడ్డే.

వలస కుటుంబాల పిల్లలను బడిలో చేర్పించే బాధ్యత స్థానిక సంస్థలదేనని 2009 విద్యాహక్కు చట్టం తొమ్మిదో సెక్షన్ చెబుతోంది. అంటే పిల్ల చేరిన చోటి పంచాయతీది కూడా. అంగన్‌వాడీ విషయంలో 2006 డిసెంబరులో సుప్రీంకోర్టు ఇంకా స్పష్టంగా చెప్పింది: ఆరేళ్లలోపు పిల్లలు కనీసం 40 మంది ఉన్న ఆవాసంలో అడిగిన మూడు నెలల్లోగా అంగన్‌వాడీ కేంద్రం పెట్టాలి. మంచి ఆదేశమే. కానీ మూడు నెలలంటే మిరప కోత అయిపోతుంది!

పైగా ఈ తల్లులకే దెబ్బ మీద దెబ్బ. పిల్లలను బడికి పంపే తల్లులకు ఇచ్చిన అమ్మఒడి డబ్బుకు 75 శాతం హాజరు నిబంధన పెట్టినప్పుడు అది అందుకోలేకపోయింది సుగ్గికి పోయిన పిల్లలే. సాయం ఎవరికి ఎక్కువ అవసరమో వాళ్లే జాబితా నుంచి జారిపోయే నిబంధన ఏ పథకంలోనూ ఉండకూడదు. పిల్ల ఏ ఊరి బడిలో కూర్చుంటే ఆ హాజరు సొంతూరి పట్టీలో పడాలి. రేషన్ బియ్యం ఏ ఊళ్లోనైనా తీసుకునే ఏర్పాటు చేసుకున్నాం, ఇది అంతకన్నా కష్టమా?

సగం ఊరు వెళ్లిపోయాక అక్కడి అంగన్‌వాడీలోనూ పిల్లలు పలచబడతారు. వెళ్లిన పిల్లల గుడ్లు, పాలు, వాటితోపాటు ఒక ఆయా, వారి వెంటే మిరప ఊళ్లకు వెళ్లాలి. ఆమెకు బస, ప్రయాణ భత్యం ఇవ్వాలి. కల్లాల దగ్గర నీడ, నీళ్లు ఉన్న ఒక గది చాలు. దసరా సెలవుల్లోనే ఏ గుంపు ఏ ఊరికి పోతోందో కూలీలను తీసుకెళ్లే మేస్త్రీలను అడిగి రాసుకుంటే, లారీ దిగే నాటికి ఆ గది తలుపులు తెరిచి ఉంచవచ్చు.