చిప్ వచ్చింది, పాల లెక్క ఏదీ?
ఆబోతు మంచిదో కాదో తేలాలంటే దాని ఆడదూడలు పెరిగి, ఈని, పాలివ్వాలి. ఇందుకు అయిదారేళ్ళు పడుతుంది. దూడ నెత్తురులోని జన్యు గుర్తులు చూసి ముందే అంచనా కట్టడానికి ఆవులకు 'గౌ చిప్', గేదెలకు 'మహిష్ చిప్' 2024 అక్టోబరులో విడుదలయ్యాయి.

అయితే ఏ గుర్తులున్న ఆవు ఎన్ని పాలిచ్చిందో వేల ఆవుల లెక్క ఉంటేనే అంచనా కుదురుతుంది. ఒక జాతి లెక్క మరో జాతికి సరిపోదు. ఒంగోలు జాతి నుంచి పుట్టిన నెలోర్ పశువులపై బ్రెజిల్ మాంసం కోసం ఇలాంటి లెక్కలు కూడబెట్టింది. ఇక్కడి రైతుకు కావలసింది పాలు, దుక్కి సత్తువ.

చెవికి పోగు వేసి వదిలేస్తే చాలదు. ఈత తేదీ, పాల కొలత రాసే మనిషి ఊరూరా ఉండాలి. ఆ ఖర్చు ప్రభుత్వమే భరించాలి.