తల చూసి చేపను కొనండి

పేరెరుగని చేపను పొయ్యి మీదికి ఎక్కించవద్దని తీరప్రాంత సోదరీమణులకు మేము మనవి చేస్తున్నాము. కానాగర్తను గుర్తించడం సులభం. వెనుక వీపు రెక్కకూ తోకకూ నడుమ ఐదు చిట్టి రెక్కలుంటాయి. నెత్తళ్ళకు ముక్కు నోటిని దాటి ముందుకు పొడుచుకొని ఉంటుంది. అదే వలలో పడే ఉబ్బుచేప వేరు. పైన రెండు, క్రింద రెండుగా అతుక్కొన్న పళ్ళతో నోరు చిలుకముక్కువలె ఉంటుంది, చర్మంపై పొలుసులుండవు, బెదిరితే పొట్ట బంతివలె ఉబ్బుతుంది. దాని కాలేయంలో, అండాశయాలలో ఉండే విషం ఎంత ఉడికించినా పోదు, విరుగుడు మందూ లేదు. తిన్న పిదప పెదవులు, నాలుక తిమ్మిరెక్కితే క్షణం ఆలస్యం చేయక ఆసుపత్రికి చేర్చాలి. శ్వాస ఆడించే యంత్రం సకాలంలో అందితే ప్రాణం నిలువవచ్చు. కనుక తలా తోలూ తీసిన తెలియని చేపముక్కలు ఎంత చవకైనా కొనవద్దు. ఈ గుర్తులను పిల్లలకూ నేర్పుదాం.