అక్షరం అందం సరే, గోడ ఎవరిది?
రావులపాలెం బోర్డులు మనకు చెబుతున్నదేమిటి

విజయవాడ వైపు నుంచి వచ్చినా, విశాఖ వైపు నుంచి వచ్చినా, పదహారో నంబరు జాతీయ రహదారి మీద కోనసీమకు ముఖద్వారం రావులపాలెమే. బస్సు దిగి అమలాపురం రోడ్డు పట్టుకుంటే అరటి గెలల లోడ్ల కంటే ముందు కంటికి తగిలేవి అక్షరాలు. బట్టల షాపుల బోర్డులు, పురుగుమందుల ప్రకటనలు, కాలేజీల ర్యాంకులు, నాయకుల పుట్టినరోజు ఫ్లెక్సీలు. వీటిని ఎవరూ సాహిత్యం అనరు. కానీ ఊళ్ళో ఎక్కువమంది రోజూ చదివేది వీటినే.

ఇలాంటి వీధి అక్షరాలను, బొమ్మలను సేకరించి ఖరీదైన పుస్తకాలుగా అచ్చువేయడం కొన్ని దశాబ్దాలుగా సాగుతోంది. బ్యారీ డాసన్ 'స్ట్రీట్ గ్రాఫిక్స్ ఇండియా' 1999లో వచ్చింది. భారతీయ డిజైన్ మీద 'సార్' అనే పుస్తకాన్ని ఫైడాన్ సంస్థ 2016లో వేసింది. ఢిల్లీలో హనీఫ్ ఖురేషీ బోర్డులు రాసే పెయింటర్ల చేతిరాతలను కంప్యూటర్ ఫాంట్లుగా మార్చే పని మొదలుపెట్టారు. పెయింటర్ కఫీల్ రాత అలా ఫాంటుగా నిలిచింది. పేరు లేని పనివాడికి ఒక పేరు దక్కడం చిన్న విషయం కాదు.

అయినా ఈ రకం పుస్తకాల్లో ఒక లోటు కనిపిస్తుంది. అక్షరం వంపు, రంగు, గీత మందం గురించి ఎంతో చెబుతాయి. ఆ అక్షరం ఆ గోడ మీద ఉండటానికి ఎవరు ఒప్పుకున్నారు, ఎవరి పేరు రాస్తే గొడవ అవుతుంది అన్న ప్రశ్నల దగ్గరికి రావు. కోనసీమలో ఆ ప్రశ్న వేయకుండా బోర్డుల గురించి మాట్లాడలేం.

2022 ఏప్రిల్ 4న రాష్ట్రంలో కొత్త జిల్లాలు వచ్చాయి. అమలాపురం కేంద్రంగా ఏర్పడిన జిల్లాకు కోనసీమ అని పేరు పెట్టారు. అంబేద్కర్ పేరు పెట్టాలని దళిత సంఘాలు అడిగాయి. మే 18న ప్రభుత్వం పేరు మార్పుకు ప్రాథమిక నోటిఫికేషన్ ఇచ్చింది. ఆరు రోజులు తిరక్కుండానే, మే 24న, అమలాపురంలో ఆ పేరుకు వ్యతిరేకంగా సాగిన ఆందోళన హింసగా మారింది. దళితుడైన అప్పటి మంత్రి పినిపే విశ్వరూప్ ఇంటికి, ఎమ్మెల్యే పొన్నాడ సతీష్ ఇంటికి నిప్పు పెట్టారు. బస్సులు తగలబెట్టారు. చివరికి జూన్ 24న మంత్రివర్గం పేరు మార్పుకు ఆమోదం తెలిపింది. కోనసీమ అనే పేరును ఎవరూ తీసెయ్యలేదు. దాని ముందు ఒక మనిషి పేరు చేర్చారు, అంతే. ఆ చేర్పునే భరించలేకపోయారు.

కాగితం మీద ఆ పోరాటం ముగిసింది. బోర్డుల మీద ముగిసిందా? 'డా. బి.ఆర్. అంబేద్కర్ కోనసీమ జిల్లా' అని మొత్తం రాసిన బోర్డులు ఎన్ని, ఉత్త 'కోనసీమ జిల్లా' అని వదిలేసినవి ఎన్ని? పొట్టి అక్షరాల్లోకి కుదించినవి ఎన్ని? అంబేద్కర్ అన్న మాట కోనసీమ అన్న మాటతో సమానమైన సైజులో ఉందా, లేక పైన చిన్నగా ఇరికించారా? డిజైన్ చదివినవాళ్ళు దీన్ని స్థలం సమస్య అంటారు. ఆ స్థలం ఎవరి పేరు దగ్గర చాలడం లేదో చూడాల్సింది మనం.

అదే ఏడాది జులైలో రావులపాలెం మండలం గోపాలపురంలో జరిగింది గుర్తు చేసుకుందాం. ఒక తినుబండారాల దుకాణంలో అంబేద్కర్ బొమ్మ ఉన్న పేపర్ ప్లేట్లు వాడారు. తిని, నలిపి, చెత్తలో పడేసే ప్లేట్ల మీద ఆయన బొమ్మ. అభ్యంతరం చెప్పిన దళిత యువకుల మీదే కేసు పెట్టి పలువురిని అరెస్టు చేశారు. వీధి దృశ్యాల మీద పుస్తకం వేసేవాళ్ళకు ఆ ప్లేటు ఒక వింత ఫొటో కావచ్చు. కానీ పేటలో ఆ బొమ్మకున్న స్థానం వేరు. ఆ నీలం కోటు, చేతిలో రాజ్యాంగం, ముందుకు చాపిన వేలు ఏ డిజైన్ స్టూడియోలోనూ పుట్టలేదు. పేటల్లో చందాలు వేసుకుని విగ్రహాలు నిలబెట్టిన జనం వాటిని స్థిరం చేశారు. ఈ దేశంలో ఇంత విస్తారంగా, ఇంత తక్కువ డబ్బుతో, చదువు రానివాళ్ళు కూడా చూడగానే గుర్తుపట్టేలా తయారైన దృశ్య భాష మరొకటి చూపించడం కష్టం. డిజైన్ చరిత్ర రాసేవాళ్ళు దీనికి ఇచ్చే చోటు మాత్రం బహు తక్కువ.

ఫాంట్ల సంగతి చూడండి. గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా దొరికే తెలుగు ఫాంట్ల పేర్లు చదివితే పెద్దన, తిమ్మన, ధూర్జటి, తెనాలి రామకృష్ణ, శ్రీకృష్ణదేవరాయ, గురజాడ, గిడుగు, సురవరం, ఎన్టీఆర్ కనిపిస్తారు. కవులు, రాజులు, నాయకులు ఉన్న ఆ వరుసలో జాషువా పేరు లేదు. రాజమండ్రిలో 'జయభేరి' పత్రిక నడిపిన కుసుమ ధర్మన్న లేరు. కోనసీమలోని మామిడికుదురులో పుట్టిన బోయి భీమన్న లేరు. వశిష్ఠకు ఆవలి ఒడ్డున నరసాపురంలో పుట్టిన బాపు చేతిరాత ఫాంటుగా మారి శుభలేఖలకెక్కింది. అది ఆ చేతి గొప్పతనమే. మరి దశాబ్దాలపాటు ఏప్రిల్ 14కు ముందు రాత్రుళ్ళు మేలుకుని పేట గోడల మీద 'జై భీమ్' రాసిన చేతుల మాటేమిటి? ఆ రాతల్లో ఒక్కటైనా ఫాంటు అయిందా?

ఇప్పుడు ఆ చేతులకు పని తగ్గిపోయింది. ఫ్లెక్సీ వచ్చి సుద్దతో గీతలు కొట్టి, ఎనామిల్‌తో బోర్డు రాసే ఆర్టిస్టుల బతుకు దెబ్బతీసింది. 2022 ఆగస్టులో అప్పటి ముఖ్యమంత్రి ప్లాస్టిక్ ఫ్లెక్సీల నిషేధం ప్రకటించి, బట్ట మీద ముద్రించుకోమన్నారు. నవంబరు 1 అన్న గడువు 2023 జనవరి 26కు జరిగింది. ఫ్లెక్సీలు పోలేదు. బట్ట వచ్చినా దాని మీద అచ్చు వేసేది మెషీనే కాబట్టి కుంచె పట్టినవాడికి ఒరిగేదేమీ లేదు.

అయితే ఫ్లెక్సీ మనకు చేసిందంతా నష్టమే అనలేం. పార్టీ ఫ్లెక్సీలో మన కుర్రాళ్ళు ఎక్కడుంటారో అందరికీ తెలుసు. పైన పెద్ద నాయకుడు, ఆ తర్వాత నియోజకవర్గ నాయకుడు, అడుగున పాస్‌పోర్టు సైజులో వరసగా వీళ్ళ ముఖాలు. అంబేద్కర్ జయంతి ఫ్లెక్సీలో అదే కుర్రాడు అంబేద్కర్ పక్కన, ఆయన సైజుకు దగ్గరగా నిలబడతాడు. కింద తన పేరు తనే రాయించుకుంటాడు. కొందరికి అది ఆడంబరంగా కనిపిస్తుంది. మెయిన్ రోడ్డు మీద తన ముఖం, తన పేరు పెట్టుకునే అవకాశం వాళ్ళ తాతలకు లేదన్న సంగతి మరిచిపోతే అలాగే కనిపిస్తుంది.

మనవైపు నుంచి ఈ పని చేసి చూపించిన పుస్తకం ఉంది. నవయాన 2011లో ప్రచురించిన 'భీమాయన'కు గోండు కళాకారులు దుర్గాబాయి వ్యామ్, సుభాష్ వ్యామ్ బొమ్మలు వేశారు. మనుషులను డబ్బాల్లో బంధించం అని మామూలు కామిక్స్ గళ్ళను పక్కనపెట్టి, తమ ఇళ్ళ గోడల మీద, నేల మీద వేసే దిగ్నా అల్లికలతో పేజీలను విభజించారు. మంచి మాటలు పక్షి ఆకారంలో ఉంటాయి. అంటరానితనం విషం కక్కే మాటలకు తేలు కొండి ఉంటుంది. అంబేద్కర్ జీవితంలోని అవమానం అక్కడ పేజీ రూపాన్నే మార్చేసింది.

రావులపాలెం గురించి అలాంటి పుస్తకం రావాలంటే ఢిల్లీ నుంచో లండన్ నుంచో ఎవరో వచ్చేదాకా ఆగనక్కర్లేదు. విద్యార్థుల చేతిలో ఫోన్లు ఉన్నాయి. నలుగురైదుగురు కలిసి రావులపాలెం నుంచి అమలాపురం దాకా జిల్లా పేరు ఉన్న ప్రతి బోర్డునూ ఫొటో తీసి, తేదీ, చోటు, పేరు రాసిన తీరు ఒక పట్టికలో ఎక్కించవచ్చు. ప్రభుత్వ బోర్డుల్లో పేరు కుదించినా, వదిలేసినా ఆ పట్టికే వినతిపత్రానికి ఆధారమవుతుంది. విగ్రహాల దిమ్మెల మీద చెక్కిన పేర్లను, ప్రారంభించిన తేదీలను సున్నం కొట్టేలోపు నమోదు చేయాలి. గోడలు రాసిన పెద్దవాళ్ళను కూర్చోబెట్టి, ఏ గోడకు ఎవరు అనుమతి ఇచ్చారో, ఏ గోడ మీద రాత్రికి రాత్రే చెరిపేశారో అడగాలి. వాళ్ళు ఒప్పుకుంటే వాళ్ళ పేరుతోనే ఆ రాతను ఫాంటుగా చేయించాలి, దాని మీద వచ్చే డబ్బు వాళ్ళకే చెందాలి.

2022 మేలో జనం ఇళ్ళు తగలబెట్టింది ఒక పేరు బోర్డెక్కకూడదనే. ఆ పేరు బోర్డెక్కింది. అది ఎంత సైజులో, ఎన్ని చోట్ల నిలబడిందో లెక్క రాసిపెట్టుకోవడం ఇక మన పని.