రాత రాదని చేతిమీద కొట్టకండి!

"చేతిరాత బాగుంటే తలరాత బాగుంటుంది" అని మన చిన్నప్పుడు మేష్టార్లు అనేవారు గుర్తుందా? ఆ ఒక్క మాట పట్టుకుని మా చిన్నవాణ్ణి నేనెంత ఏడిపించానో తల్చుకుంటే నాకిప్పటికీ సిగ్గేస్తుంది. బళ్ళు తెరిచి నెల తిరక్కుండానే ఇంటింటా మొదలయ్యే గొడవే గనుక, ఈ వారం పచ్చళ్ళూ వడియాలూ పక్కనపెట్టి ఆ సంగతే మీతో చెప్పాలనుకుంటున్నాను.

అప్పుడు వాడు ఒకటో తరగతి. కథ ఒక్కసారి చెబితే చాలు, తిరిగి అప్పజెప్పేవాడు. ఎక్కాలు గడగడా చెప్పేవాడు. పెన్సిల్ చేతికిస్తే మాత్రం అయిపోయేది! 'క' రాస్తే తలకట్టు ఓ చోట, అక్షరం ఓ చోట. గీతల మధ్య ఉండాల్సినవి కోతుల్లా పైకీ కిందికీ గెంతేవి. పెన్సిల్ ఎంత గట్టిగా నొక్కేవాడంటే కాగితానికి చిల్లు పడేది. నాలుగు వరసలు రాసేసరికి చెయ్యి నొప్పంటూ విదిలించుకునేవాడు. బడి నుంచి పుస్తకం వస్తే పేజీ నిండా ఎర్రసిరా... కింద 'మళ్ళీ ఇరవై సార్లు రాయాలి' అని.

రోజూ సాయంత్రం మా ఇంట్లో అదే భాగోతం. పొయ్యి మీద పప్పు, ఒళ్ళో వాడి కాపీ పుస్తకం. వాళ్ళక్క ముత్యాల్లా రాసేది గదా, వీడికేం వచ్చింది, ఒట్టి బద్ధకం అనుకున్నాను. ఓ రోజు కోపం పట్టలేక స్కేలు తీసి వేళ్ళమీద కొట్టాను కూడా.

ఆ మర్నాటి నుంచీ బడికెళ్ళే వేళకి వాడికి కడుపునొప్పి! తెలుగు నోటు పుస్తకం ఎక్కడుందో కనిపించదు. మూడోరోజు ఎసట్లోకి బియ్యం కొలుస్తుంటే సోలకేదో తగిలింది. చూద్దును గదా, బియ్యం డబ్బా అడుగున ఆ పుస్తకం! "ఎందుకు దాచావురా?" అనడిగాను. వాడు రెండు చేతులూ వెనక్కి పెట్టుకుని, "అమ్మా, నా చెయ్యి చెడ్డదా?" అన్నాడు.

నాకు నోట మాట రాలేదు. అక్కడే కూలబడిపోయాను.

అంతా చూస్తున్న మా అత్తగారు, "అమ్మాయ్, వాడికి అక్షరం రాక కాదు, వేలు తిరక్క. ముందు వేలు తిరగనీ" అన్నారు. ధనుర్మాసం రోజులవి. మర్నాడు తెల్లారగట్ల ముగ్గు వెయ్యడానికి వెళుతూ వాణ్ణి కూడా వెంటబెట్టుకెళ్ళారు. మొదట్లో వాడు పోసిన ముగ్గు గీతగా పడేది కాదు, కుప్పలు కుప్పలుగా పడేది. ఆవిడ ఒక్కమాట అనలేదు. "పక్కన ఇంకోటి వెయ్యి నాన్నా" అనేవారంతే. సంక్రాంతి వచ్చేసరికి వాడు చుక్కకీ చుక్కకీ మధ్య గీత లాగుతున్నాడు. చూశారా! ముగ్గు వెయ్యాలన్నా, పెన్సిల్ పట్టాలన్నా పని చెయ్యాల్సింది ఆ బొటనవేలూ, దాని పక్క రెండు వేళ్ళే.

తర్వాత పిల్లల డాక్టరు గారు చెబితే ఇంకో సంగతి తెలిసింది. మన మణికట్టులో 8 చిన్న చిన్న ఎముకలుంటాయి. పుట్టినప్పుడవి ఎముకలు కావు, మెత్తటి మృదులాస్థి. ఏళ్ళ తరబడి ఒక్కొక్కటే గట్టిపడుతూ వస్తుంది. చివరిది గట్టిపడటం మొదలయ్యేసరికే ఎనిమిది నుంచి పన్నెండేళ్ళ వయసొస్తుంది. మరి మనమేమో మూడేళ్ళు నిండీ నిండకుండానే పెన్సిల్ ఇచ్చి, తెలుగూ ఇంగ్లీషూ, ఆపైన హిందీ కూడా గీత దాటకుండా రాయమంటున్నాం! కొందరి చెయ్యి త్వరగా తిరుగుతుంది, కొందరిది ఆలస్యమవుతుంది. అది బద్ధకమూ కాదు, మొండితనమూ కాదు.

వంటింట్లోనే వేళ్ళకి కసరత్తు

దీనికోసం డబ్బు పోసి ఏమీ కొననక్కర్లేదు. చపాతీ పిండి కలిపేటప్పుడు గుప్పెడు ముద్ద వాడికిచ్చి పిసకమనండి. చిన్న చిన్న ఉండలు చేయించండి. వేరుశెనగ కాయలు వొలిపించండి, చిక్కుడుకాయలు తుంపించండి. పప్పులో రాళ్ళు ఏరించండి. తడి రుమాళ్ళు పిండించి తీగమీద క్లిప్పులు పెట్టించండి. ఇవన్నీ వేళ్ళకి బలమే. పిల్లలు చదువని తెలీకుండా చేసేస్తారు, మనకీ ఓ పని తీరుతుంది!

అక్షరాభ్యాసంనాడు బియ్యంలో వేలితో దిద్దిస్తాం గదా. ఆ ఒక్కరోజుతో ఎందుకు ఆపేస్తామో! వెడల్పాటి పళ్ళెంలో బియ్యమో సన్నటి ఇసుకో పోసి, రోజుకో అక్షరం వేలితో రాయించండి. తప్పుపోతే చేత్తో చదును చేస్తే సరి, ఎర్రసిరా గొడవే ఉండదు. మావాడు పుస్తకం దాచిన ఆ డబ్బాలోంచే బియ్యం తీసి నేనీ పని మొదలుపెట్టాను.

పలకను తోసెయ్యకండి. బలపం పలక మీద కాస్త గరగరమని రాసుకుంటుంది గనుక చెయ్యి ఎటు కదులుతోందో పిల్లలకి బాగా తెలుస్తుంది. పలకని గోడకి ఆనించి నిలబెట్టి రాయిస్తే భుజానికీ మణికట్టుకీ కూడా బలం వస్తుంది. పొట్టి సుద్దముక్క ఇస్తే గుప్పెట్లో పట్టుకోవడం కుదరదు. తప్పనిసరిగా మూడు వేళ్ళతోనే పట్టుకుంటారు.

కూర్చోవడంలోనే ఉంది సగం

కుర్చీలో కూర్చుంటే కాళ్ళు నేలకి ఆనాలి. అందకపోతే కింద ఓ పీట వెయ్యండి. బల్ల మోచేతి ఎత్తుకి ఉండాలి. మంచం మీద బోర్లా పడుకుని రాయనివ్వకండి. కుడిచేత్తో రాసేవాళ్ళకి పుస్తకం పైఅంచు కాస్త ఎడమవైపుకి వాలి ఉండాలి. ఎడమచేతి వాటం వాళ్ళకి కుడివైపుకి. అన్నట్టు, పిల్లలది ఎడమచేతి వాటమైతే బలవంతాన మార్చకండి. బళ్ళో బెంచీకి ఎడమ చివర కూర్చోబెట్టమని టీచరుకి చెప్పండి. పక్కవాళ్ళ మోచెయ్యి తగలదు.

మొదట్లో మూడు పలకలుగా ఉండే లావుపాటి పెన్సిల్ అయితే పట్టు బాగా దొరుకుతుంది.

అక్షరాలు కూడా 'అ' నుంచి 'ఱ' దాకా వరసగానే దిద్దించాలని లేదు. పోలికని బట్టి చెప్పండి. సున్నా చుట్టడం వస్తే దానికి తలకట్టు పెడితే 'ర', లోపల చుక్క కూడా పెడితే 'ఠ'. 'వ' వచ్చిన చేతికి 'ప', 'మ', 'ష' తేలిక. 'ద' వస్తే 'థ', 'ధ' వచ్చినట్టే. గుణింతాలూ వత్తులూ ఆ తర్వాత. ఇంగ్లీషు చిన్న అక్షరాల్లో 'సి' బాగా వస్తే 'ఓ', 'ఏ', 'డి', 'జి' దాని వెంటే వస్తాయి. 'బి'కి 'డి', 'డి'కి 'బి' రాస్తున్నారని కంగారుపడకండి. ఆరేడేళ్ళ దాకా చాలామంది పిల్లలు అలా తారుమారు చేస్తారు.

అన్నిటికన్నా ముఖ్యం, పది నిమిషాలు మించొద్దు. నేను టీచరమ్మని కలిసి సంగతి చెప్పి, ఇరవై సార్లకి బదులు ఐదు సార్లు రాయిస్తానని బతిమాలుకున్నాను. ఆవిడ మంచిమనసుతో సరేనన్నారు. రాయడం అయ్యాక నేను తప్పులు వెతకడం మానేసి, "ఈ వరసలో నీకు బాగా నచ్చింది ఏదిరా?" అని అడిగేదాన్ని. వాడే చూసుకుని ఒకదానికి గుండ్రం చుట్టేవాడు. మర్నాడు దానికంటే బాగా రాయాలని వాడికే పట్టుదల!

ఎప్పుడు డాక్టరుకి చూపించాలి?

ముందు ఒకసారి కళ్ళు పరీక్ష చేయించండి. బోర్డు కనపడక తప్పులు రాసే పిల్లలూ ఉంటారు. ఏడెనిమిదేళ్ళొచ్చి, కొన్ని నెలలపాటు ఓపిగ్గా నేర్పించినా అక్షరాలు కుదరకపోయినా, నోటితో చక్కగా చెప్పింది కాగితం మీద పెట్టలేకపోయినా, బొత్తాలు పెట్టుకోవడం లాంటి పనులు కూడా కష్టమవుతున్నా పిల్లల డాక్టరుకి చూపించండి. 'డిస్‌గ్రాఫియా' అనే ఇబ్బంది ఒకటుంది. దానికీ తెలివితేటలకీ సంబంధం లేదు. 2007లో వచ్చిన 'తారే జమీన్ పర్' సినిమాలో పిల్లాడికున్న డిస్‌లెక్సియా చదవడానికి సంబంధించింది. ఇది రాయడానికి సంబంధించింది. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టంలో ఈ రెండిటి పేర్లూ ఉన్నాయి. డాక్టర్ల సర్టిఫికెట్ ఉంటే బోర్డు పరీక్షల్లో అదనపు సమయం లాంటి వెసులుబాట్లు అడగొచ్చు. చేతివేళ్ళకి తగిన శిక్షణ ఇచ్చేవాళ్ళని ఆక్యుపేషనల్ థెరపిస్టులంటారు. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద ప్రభుత్వ బళ్ళల్లో పిల్లల్ని పరీక్షించి, అవసరమైతే జిల్లా కేంద్రానికి పంపుతారు. ఇలాంటి నేర్చుకునే ఇబ్బందులు కూడా అందులో ఉన్నాయి. చూపించుకోవడానికి నామోషీ పడకండి.

మావాడు ఇప్పుడు ఆరో తరగతి. రాత ముత్యాల్లా ఉందని అబద్ధం చెప్పను. ఓ మోస్తరుగా, చదివితే అర్థమయ్యేలా ఉంటుంది. నాకది చాలు. కడుపునొప్పులు పోయాయి. ధనుర్మాసంలో నానమ్మకి నడుం నొప్పంటే వీధి ముగ్గు వాడే వేస్తాడు. "మగపిల్లాడివి, ముగ్గేమిటిరా!" అని వీధిలో వాళ్ళు నవ్వితే, "నాకు రాత నేర్పింది ఇదేనండీ" అని జవాబు చెబుతాడు.

బియ్యం డబ్బాలో ఇప్పుడు బియ్యమే ఉంటున్నాయి. ఈ సాయంత్రం మీ పిల్లల పుస్తకం తెరిచినప్పుడు, ఎర్రసిరా కంటే ముందు ఆ చిన్న చెయ్యిని ఒక్కసారి చేతిలోకి తీసుకుని చూడండి. అది చెడ్డ చెయ్యి కాదమ్మా, ఇంకా నేర్చుకుంటున్న చెయ్యి.