ముదిరేదాకా ఆగమన్నారా?

కల్యాణదుర్గం వైపునుంచి ఒక పాఠకుడు ఇలా రాశారు: "మా అవ్వకు రెండు కళ్ళకూ పొర వచ్చింది. శెనక్కాయ చేలో కలుపేదో పైరేదో తెలియడం లేదంటుంది. ఆస్పత్రికి పిలుచుకపోదామంటే వూళ్ళో పెద్దలు 'ఇంగా ముదరల్లబ్బా, పచ్చిగా వున్నప్పుడు కోస్తే కన్ను పోతుంది' అంటున్నారు. మా నాయనేమో పంట ఇంటికొచ్చినాక చూద్దామంటాడు. ఎవరి మాట వినల్ల?"

ఇది ఈ ఒక్క ఇంటి గొడవ కాదు. మా అనంతపురం సీమలో ఏ రచ్చబండ దగ్గర కూర్చున్నా ఈ మాట వినబడుతుంది. అలాగని పెద్దల మాటను నవ్వి తోసెయ్యడానికి వీల్లేదు. ఒకప్పుడు అది డాక్టర్లు చెప్పిన మాటే. ఆ రోజుల్లో అది నిజం కూడాను. ఈనాడు అదే మాట కళ్ళు పోగొడుతున్నది. ఎందుకు తలకిందులైందో తెలియాలంటే కంట్లో అద్దం ఎక్కడ, దేనిమీద నిలబడుతుందో కాస్త ఓపికతో చూడాలి.

మొదట పేరు సంగతి. "పొర" అంటాము గాని, కంటిమీద ఏ పొరా పెరగదు. కనుపాప వెనక శనగబేడ కంటె కాస్త పెద్దదైన అద్దంబిళ్ళ ఒకటి మనందరికీ పుట్టుకతోనే వుంటుంది. దానికి ద్రాక్షపండు తొక్క వంటి పలుచని సంచి వున్నది. ఆ సంచి వెనకభాగం మందం తలవెంట్రుకలో పదోవంతు కూడా వుండదు. బండిచక్రానికి ఆకులున్నట్లు, ఆ సంచి చుట్టూరా సన్నని పోగులు బయలుదేరి దానిని కంటిగోడకు బిగించి వుంచుతాయి. లోపలి బిళ్ళ మసకబారితే అదే శుక్లం. వయస్సుతోబాటు రావడం సహజం. చక్కెరజబ్బు, బీడీ చుట్టలు, ఏళ్ళతరబడి నెత్తిన కొట్టే ఎండ దానిని తొందరపెడతాయి. ఏడాదికి యాభైఅయిదు సెంటీమీటర్ల వాన కురిస్తే అదే గొప్ప అనుకునే ఈ మెట్టనేలలో, చెట్టునీడ లేని ఎర్రచేలల్లో బతుకంతా గడిపిన వాళ్ళకు ఎండ సంగతి నేను చెప్పాలా?

ఇక చికిత్స. మన సుశ్రుతుని కాలంనాటి పద్ధతిలో వైద్యుడు కంట్లోకి శలాక పోనిచ్చి, మసకబారిన బిళ్ళను పక్కకు నెట్టేవాడు. అది కంటిలోపలే అడుగుకు పడిపోయేది. వెలుతురు కనబడేది. కొందరికి తర్వాత కన్నే పోయేది. పద్దెనిమిదో శతాబ్ది మధ్యలో ఫ్రాన్సు దేశపు జాక్ డేవియెల్ బిళ్ళను నెట్టడం మాని బయటికి తీయడం మొదలుపెట్టాడు. ఇరవయ్యో శతాబ్దిలో చాలాకాలం మన దేశంలో ఎక్కువగా చేసింది సంచితోసహా బిళ్ళను లాగివేసే ఆపరేషను. 1961లో పోలెండు వైద్యుడు క్రవావిచ్ చల్లబరచిన కడ్డీని ఇందుకు వాడి చూపించాడు. ఐసుపుల్ల నాలుకకు అంటుకున్నట్లు బిళ్ళ కడ్డీకి అతుక్కుని మొత్తంగా వూడివచ్చేది.

"ముదరాలి" అన్నమాట ఆ కాలంలో పుట్టింది. దానికి కారణాలు రెండు. పచ్చిగా వున్న శుక్లాన్ని తీయబోతే జిగురులాంటి ముక్కలు లోపల మిగిలి కన్ను వాచేది. ముదిరితే శుభ్రంగా వచ్చేది. రెండోది, కంటి నల్లగుడ్డు అంచున సగం చుట్టు కోయవలసి వచ్చేది. ఆపైన రోగిని రోజుల తరబడి కదలకుండా పడుకోబెట్టేవారు. అంత ప్రమాదానికి సిద్ధపడినా చివరికి దక్కేది సోడాబుడ్డి కళ్ళద్దాలు. వాటిలోంచి చూస్తే ప్రతి వస్తువూ పావువంతు పెద్దదిగా, దగ్గరగా కనిపిస్తుంది. గడప అందినట్లే వుంటుంది, కాలు ఎక్కడో పడుతుంది. ఒక కంటికే ఆపరేషనైతే ఒకే మనిషి ఇద్దరుగా, ఒకరు చిన్నగా ఒకరు పెద్దగా కనిపించేవారు. కాబట్టి చూపు పూర్తిగా పోయేదాకా ఆగి, ఆ తర్వాతే కోయించుకోవడం మంచిదన్నారు. ఆనాటికి అది సబబైన సలహాయే.

తీసినచోట మళ్ళీ ఒక అద్దం ఎందుకు పెట్టకూడదు? ఈ ప్రశ్న ఒక విద్యార్థి అడిగాడట, లండనులో హెరాల్డ్ రిడ్లే అనే కంటిడాక్టరును. రిడ్లేకు అప్పటికే ఒక సంగతి తెలుసు. రెండో ప్రపంచయుద్ధంలో విమానం పైకప్పు పగిలి, దాని ముక్కలు కొందరు పైలట్ల కళ్ళలో దిగబడ్డాయి.  ఈ ప్లాస్టిక్కు ముక్కలను కన్ను కిమ్మనకుండా భరించింది. ఆ జాతి ప్లాస్టిక్కుతోనే అద్దం చేయించి, 1949 నవంబరు 29న సెంట్ థామస్ ఆస్పత్రిలో ఒక రోగి కంట్లో అమర్చాడు. సాటి వైద్యులు మెచ్చుకోలేదు సరిగదా, మండిపడ్డారు. కంట్లో పడ్డ నలుసును తీయడం డాక్టరు పనిగాని, పెట్టడం ఏమిటన్నారు! దేశం ఆయనకు సర్ బిరుదు ఇచ్చేసరికి 2000 సంవత్సరం వచ్చింది. ఆ మరుసటి ఏడే ఆయన పోయారు.

రిడ్లే అద్దానికి ఒక చిక్కు వుండేది. అది బరువైనది. కొందరి కళ్ళలో జారి వెనక్కి పడిపోయింది. అద్దం దొరికింది గాని, దానిని నిలబెట్టేదెలా? తర్వాత నలభై ఏళ్ళ కథంతా ఈ ఒక్క ప్రశ్న చుట్టూ తిరిగిందే. కొందరు రంగుతెరకు ముందు భాగంలో నిలబెట్టారు. అది ముందుండే నల్లగుడ్డు స్వచ్ఛతను చెడగొట్టింది. ఇంకొందరు రంగుతెరకే తగిలించారు. 1978లో హాలెండుకు చెందిన యాన్ వోర్స్ట్, ఎండ్రకాయ కొండి పట్టినట్లు రంగుతెర మడతను పట్టుకునే అద్దం చేశాడు. మన దేశంలో అమృతసరస్సు డాక్టరు దల్జీత్ సింగ్ దానిని మెరుగుపరచి, ప్రచారంలోకి తెచ్చారు. చివరికి తేలిందేమంటే, అద్దానికి అన్నిటికంటె సుఖమైన చోటు భగవంతుడిచ్చిన ఆ పాత సంచే! ముందువైపు గుండ్రంగా కిటికీ కోసి, లోపలి మసకబిళ్ళను మాత్రం తీసి, ఆ ఖాళీ సంచిలో కొత్త అద్దాన్ని కూర్చోబెడతారు. అద్దానికి రెండు పక్కలా కొక్కేల వంటి సన్నని కాళ్ళుంటాయి. అవి విచ్చుకుని సంచి అంచులకు ఆనుకుంటాయి. కుట్టు అక్కరలేదు, మేకు అక్కరలేదు.

అమెరికాలో చార్లెస్ కెల్మన్ 1967లో బిళ్ళను కంపనాలతో కరిగించి పీల్చివేసే యంత్రం తెచ్చాడు. దానితో గాయం మూడు మిల్లీమీటర్లకు తగ్గింది. యంత్రం లేనిచోట తెల్లగుడ్డులో సొరంగంలాగా చిన్న గాటు పెట్టి, కుట్టు లేకుండా చేసే పద్ధతి వచ్చింది. నేర్పున్న చేతిలో ఇదీ మంచి ఫలితమే ఇస్తుంది, పేదవానికి చవక కూడాను. అద్దం ధర తగ్గించినవారు మదురైవారు. దిగుమతి అద్దం వంద డాలర్లు పలికే రోజుల్లో, 1992లో అరవింద్ కంటి ఆస్పత్రివారు ఆరోల్యాబ్ స్థాపించి పది డాలర్లకు, ఆ తర్వాత అంతకు తక్కువకు తయారుచేశారు. 1994 నుంచి ప్రపంచబ్యాంకు సాయంతో ఏడు రాష్ట్రాలలో శుక్లాల పథకం నడిచింది. అందులో మన రాష్ట్రమూ వుంది. అప్పటినుంచి పేదవాళ్ళ కళ్ళలోనూ అద్దం పెట్టడం సాధారణమైంది.

మా సీమకు కూడా ఈ వెలుగు అందకపోలేదు. హైదరాబాదులో 1987లో డాక్టర్ గుళ్ళపల్లి నాగేశ్వరరావుగారు ఆరంభించిన ఎల్.వి. ప్రసాద్ సంస్థను ఎరగని తెలుగువారు తక్కువ. 1991 నవంబరులో పుట్టపర్తి దగ్గర ప్రశాంతిగ్రామంలో పెద్దాస్పత్రి తెరిచారు. అక్కడ కంటి విభాగమూ వుంది, వైద్యానికి డబ్బు పుచ్చుకోరు. 2022 దాకా అది అనంతపురం జిల్లాలోనిదే, ఇప్పుడు శ్రీ సత్యసాయి జిల్లాలోకి వచ్చింది. ప్రభుత్వంవారి కంటివెలుగు పథకం 2019 అక్టోబరు 10న అనంతపురంలోనే మొదలుపెట్టారు. దూరం, డబ్బు అనే సాకులు మునుపటంత బలమైనవి కావు. మిగిలింది "ముదరాలి" అన్న మాటే.

ఇప్పుడు అసలు సంగతి. సంచి, పోగులు బాగుంటేనే పని సులభం. మరి శుక్లం ముదిరి ముదిరి పండితే ఏమవుతుందో చిత్తగించండి. బిళ్ళ రాయిలా గట్టిపడుతుంది. దానిని తీయడానికి గాటు పెంచాలి, బలం వాడాలి. చుట్టూ వున్న పోగులు పాతబడ్డ నులకతాళ్ళలాగా బలహీనమవుతాయి. కొన్నిసార్లు అవి వాటంతట అవే తెగి, బిళ్ళ కంటిలోపలికి జారుతుంది. అంటే, సుశ్రుతుని కాలంలో శలాక చేసిన పనిని శుక్లమే చేసుకుంటుందన్నమాట! ఇంకో ప్రమాదం, పండిన బిళ్ళ ద్రవమై సంచిలోంచి వూరడం. అప్పుడు కంట్లో ఒత్తిడి పెరిగి, కన్ను నిప్పులా ఎర్రబడి, తలపోటు, వాంతులు వస్తాయి. ఆ ఒత్తిడివల్ల కంటినరం చచ్చిపోతే ఏ అద్దమూ చూపు తిరిగి తేలేదు.

సంచే లేకపోతే? పూర్వం ఆపరేషనులో పోయినవారికి, కంపముల్లో ఎద్దుకొమ్మో తగిలి సంచి చిరిగినవారికి దారి మూసుకుపోలేదు. కొండి అద్దాన్ని రంగుతెరకు తగిలించవచ్చు. వెంట్రుక కంటె సన్నని దారంతో తెల్లగుడ్డుకు కుట్టవచ్చు, కాని ఆ దారం ఏళ్ళు గడిచాక తెగే భయం వుంది. 2007లో మద్రాసు డాక్టరు అమర్ అగర్వాల్ కుట్టు మానేసి, అద్దం కాళ్ళను తెల్లగుడ్డు మందంలోనే చిన్న సొరంగాలు చేసి దూర్చి, పైన రక్తంలోని పదార్థంతో చేసిన జిగురు పూసే పద్ధతి తెచ్చారు. జపాను డాక్టరు షిన్ యమానే 2017లో ప్రకటించినది మరీ చమత్కారం. సన్నని సూదులతో అద్దం కాళ్ళను తెల్లగుడ్డులోంచి బయటికి లాగి, కొసలను వేడితో కాలుస్తాడు. ప్లాస్టిక్కు తాడు కొసను మనం అగ్గిపుల్లతో కాలిస్తే ఉబ్బి గుండులాగా అవుతుంది చూడండి, అలాగే అవుతుంది. ఆ గుండు వెనక్కి జారకుండా అడ్డుకుంటుంది. ఇవన్నీ గొప్ప విద్యలే. అయితే ఇవి చేయగల చేతులు ప్రతి వూళ్ళోనూ వుండవు, ప్రమాదమూ ఎక్కువే. ఉన్న గూటిని పాడుచేసుకుని, ఆపైన తాళ్ళతో వేలాడగట్టించుకోవడం ఎందుకు?

కాబట్టి నా జవాబు: చూపు మసకై పని చెడుతున్నదంటే సమయం వచ్చినట్లే. శుక్లం ఎంత ముదిరిందన్నది ఇప్పుడు ప్రశ్న కాదు, మనిషికి ఎంత ఇబ్బందిగా వుందన్నదే ప్రశ్న. చూపు చెడని చిన్న మసకకు తొందర అక్కరలేదు సుమా! ఎప్పుడన్నది డాక్టరు పరీక్షించి చెబుతారు. ఎండాకాలం వద్దు, చలికాలమే మంచిదన్న మాట కూడా పాతదే, ఏ కాలంలోనైనా చేయించుకోవచ్చు. పంట ఇంటికొచ్చేదాకా ఆగుతామంటారా, డాక్టరు సరేనంటే ఆ మూడు నెలలు ఆగండి. కాని ఆ పంట తర్వాత ఈ పంట, ఆ తర్వాత పెళ్ళి, ఆపైన బెంగుళూరు వలస అని మూడేళ్ళు జరపకండి. కన్ను ఎర్రబడి నొప్పి పుడితే ఒక్క రోజైనా ఆగవద్దు.

ఆపరేషను తర్వాత ఏడాదికో రెండేళ్ళకో మళ్ళీ మసక కమ్మితే "పొర తిరిగి మొలిచింది" అని బెంబేలు పడకండి. అది సంచి వెనకభాగం మందగించడమే, చాలామందికి లేజరుతో కొద్ది నిమిషాల్లో తేలిపోతుంది. ఇంటికి పంపేటప్పుడు లోపల పెట్టిన అద్దం వివరాలతో ఒక కార్డు ఇస్తారు. దానిని పట్టాదారు పాసుపుస్తకంతోబాటు భద్రంగా దాచండి. ముందుముందు కంటిడాక్టరు దగ్గరికి వెళ్ళినప్పుడు అది పనికివస్తుంది.