జీతమున్న ఇల్లు

చిలుకూరు బాలాజీ గుడిలో ప్రదక్షిణలు చేసేవాళ్ల లెక్క అందరికీ తెలిసిందే. కోరుకునేటప్పుడు 11, కోరిక తీరాక 108. అందరూ వీసా కోసమే తిరుగుతారని పేరు గానీ, కొత్త ఉద్యోగం కోసం తిరిగేవాళ్లూ తక్కువేం కాదు. అంటే ఆ గుంపులో కొందరు, ఉన్న ఉద్యోగం మానేస్తామని దేవుడికి ముందే చెప్పేసుకున్నారు. మేనేజరుకు మాత్రం చెప్పలేదు. ఆయన ముందు నోరు పెగలదు.

చేవెళ్ల దగ్గర గులాబీల పాలీహౌసులో సూపర్‌వైజరుగా ఉన్న మా ఊరి తమ్ముడొకడు ఆ మధ్య ఇదే బాధతో వచ్చాడు. ఆరేళ్లుగా అక్కడే పని. తెల్లవారకముందే పూలు కోయించాలి, బకెట్లలో పెట్టించి కోల్డ్‌రూముకు చేర్చాలి, గుడిమల్కాపూర్ మార్కెట్‌కు బండి పంపాలి. తాళాలన్నీ అతని నడుముకే. శంకర్‌పల్లి వైపు ఇంకో తోటవాళ్లు జీతం పెంచి, ఉండడానికి గది కూడా ఇస్తామన్నారు. పదిహేను రోజులుగా నిద్ర లేదట.

"మా అమ్మకు ఆపరేషనైనప్పుడు సారు అడగంగనే ముప్పై వేలు తీసి ఇచ్చిండన్నా. ఇప్పుడు పోత అంటే ఏమనుకుంటడు? మొఖం చెల్లుతలేదు."

ఆ ముప్పై వేలు తీరాయా అని అడిగాను. రెండేళ్ల కిందటే జీతంలో పట్టుకోవడం అయిపోయిందట. మరింకేం బాకీ?

"పైసలు కాదన్నా. ఉప్పు తిన్న ఇల్లు."

ఈ మాట దగ్గరే నాకు పేచీ. ఉప్పు సంగతి పాతదే, కాదనను. కానీ దాన్ని మనకు అంతగా నూరిపోసింది ఉప్పు పెట్టినవాళ్లేనని నా అనుమానం. తిన్నవాడు పండించిన వడ్ల ఊసు అందులో ఎక్కడా రాదు.

జీతం అన్న మాటకు మన దగ్గర రెండు బతుకులున్నాయి. పట్నంలో జీతమంటే నెల మొదట్లో ఫోనుకు వచ్చే మెసేజి. పల్లెలో ముసలివాళ్లను అడగండి. "జీతమున్నడు" అంటే పటేలు ఇంట్లోనో దొర ఇంట్లోనో ఏడాదికి కుదిరి, పశువుల కొట్టం నుంచి నాగలి దాకా అన్నీ మోసినవాడని చెబుతారు. ఏడాది తిరిగేసరికి లెక్క చూస్తే ఏదో ఒక బాకీ మిగిలేది. బాకీ ఉంది కాబట్టి మళ్లీ ఏడాది. తండ్రి చేసిన అప్పుకు కొడుకు పశువుల వెంట పోయేవాడు. 1976లో వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం వచ్చి ఆ అప్పులేవీ చెల్లవంది. ఆ తర్వాత పదిహేనేళ్లకు, 1991లో, ఎం.వి. ఫౌండేషన్ వాళ్లు ఇదే రంగారెడ్డి జిల్లా పల్లెల్లో జీతాలకున్న పిల్లలను బడికి తెచ్చే పని ఎత్తుకోవాల్సి వచ్చింది. ఆ సంస్థను నడిపిన శాంతా సిన్హాకు 2003లో మెగసెసే అవార్డు వచ్చిందీ ఆ పనికే. కాగితం మీద కొట్టేసిన బాకీ మనసులోంచి పోవడానికి ఎన్ని తరాలు పడుతుందో మా తమ్ముణ్ణి చూస్తే తెలిసింది. వాడికి స్మార్ట్‌ఫోను ఉంది, బ్యాంకు ఖాతా ఉంది. పోత అనడానికి మాత్రం వాళ్ల తాతకు వణికినట్టే గొంతు వణుకుతోంది.

గ్రాట్యుటీ సంగతి చూడండి. ఆ ఇంగ్లీషు మాటకు అర్థం మెప్పుకొద్దీ ఇచ్చే కానుకని. ఒకప్పుడు యజమానికి బుద్ధి పుడితే ఇచ్చేవాడు, లేకపోతే లేదు. 1972 చట్టం కంపెనీ ఉద్యోగాల్లో దాన్ని హక్కు చేసింది. ఐదేళ్లు నిండిన మనిషి రాజీనామా చేసి పోయినా సరే, చేసిన ఏడాదికి 15 రోజుల జీతం చొప్పున చేతిలో పెట్టి పంపాలి. పోయేవాడికే ఇంటివాళ్లు కృతజ్ఞత చెల్లించాలని చట్టం అంటుంటే, మనం దాన్ని తిరగేసుకుని కుమిలిపోతున్నాం.

బాండు రాసిచ్చినవాళ్ల సంగతి వేరు. మూడేళ్లు నిండకుండా మానేస్తే 2 లక్షలు కట్టాలని విజయా బ్యాంకు పెట్టిన షరతు చెల్లుతుందని 2025 మేలో సుప్రీంకోర్టు తేల్చింది. సరే, అది రాసుకున్న లెక్క. కష్టమో నష్టమో కట్టేసి బయటపడొచ్చు. రాసుకోని లెక్కే మనిషిని లోపల్నుంచి తినేస్తుంది.

తోటలు నడిపేవాళ్ల గోడు నేను వినకపోలేదు. జీతం పడ్డ తెల్లారే ఫోను ఆపేసి మాయమయ్యేవాళ్లున్నారు. గులాబీ ఎవరి కోసమూ ఆగదు. పొద్దున కోయాల్సింది కోయకపోతే సాయంత్రానికి విచ్చుకుపోతుంది, ధర పడిపోతుంది. పైగా ఆ కోత వచ్చి పడేది యజమాని నెత్తిన కాదు, పక్కన పనిచేసే ఆడవాళ్ల నెత్తిన. సిగ్గుపడాల్సింది ఏమైనా ఉంటే అలాంటి దానికి పడాలి. అందుకే మా తమ్ముడితో అన్నాను: నెల ముందు చెప్పు, ఏ మందు ఎంత కలపాలో, డ్రిప్పు వాల్వు ఏ పూట తిప్పాలో ఇంకొకరికి నేర్పు, ఆ తర్వాత నీ దారి నీది.

జపాన్‌లో ఫీజు తీసుకుని, మన బదులు ఆఫీసుకు ఫోన్ చేసి "ఈయన రేపటి నుంచి రాడు" అని చెప్పిపెట్టే కంపెనీలున్నాయి. ఆ సంగతి చదివినప్పుడు నవ్వుకున్నాను. అంతా విన్నాక మావాడు అన్నాడు కదా, "జర నువ్వే ఫోన్ చేసి చెప్పరాదన్నా!"

చెయ్యనన్నాను.

పోయిన ఆదివారం తనే చెప్పాడట. సారు కాసేపు పూల బకెట్ల వైపు చూసి, "మరి కోల్డ్‌రూం తాళం ఎవరికిస్తవ్?" అన్నాడట. ఇంకేం అనలేదట.

"గంతేనా అన్నా?" అని నన్నడిగాడు, కొంచెం నొచ్చుకున్నట్టే.